మంచులో ఓ తాళ్లరేవు

ఐర్లండ్‌లో లిమరిక్ నుంచి కిల్లార్నీ వెళ్లే దారిలో అడేర్ అని చిన్న ఊరుంది. సెలవు రోజైతే అక్కడ కారు కదలదు. పోయిన నెల అమ్మతో వెళ్తూ అలాగే ఇరుక్కుపోయాం. రోడ్డు పక్కన గడ్డి కప్పిన ఇళ్లు చూసి "ఇక్కడా పూరిళ్లేనేంట్రా?" అంది. బోర్డు మీద ఐరిష్‌లో రాసిన పేరు చూపించి, ఓక్ చెట్ల రేవు అని దానర్థమని చెప్పాను.

"అయితే మన తాళ్లరేవే" అని తేల్చేసింది.

నిజానికి అడేర్ అన్న పేరు నేను మొదట చూసింది అంటార్కిటికా మ్యాపులో. రాస్ సముద్రంలోకి వెళ్లే ముఖద్వారానికి పడమటి కొస, కేప్ అడేర్. 71 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక, నల్లటి అగ్నిపర్వత శిల నిటారుగా నీళ్లలోకి దిగే చోటు. 1841లో అటు ఓడల్లో వెళ్లిన బ్రిటిష్ నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ దానికి తన స్నేహితుడు వైకౌంట్ అడేర్ పేరు పెట్టాడు. ఆయన బిరుదేమో ఈ ఊరిదే. అలా ఒక్క చెట్టయినా లేని చోటికి చెట్ల రేవు పేరు పడింది.

కొండ కింద గులకరాళ్ల మేట పేరు రిడ్లీ బీచ్. అది బోర్ష్‌గ్రెవింక్ అనే నార్వే యాత్రికుడి తల్లి పుట్టింటి పేరు. అక్కడ లక్షల్లో ఉండే అడెలీ పెంగ్విన్ల పేరు వెనక ఉన్నది ఫ్రెంచి నావికుడు ద్యూమాన్ ద్యుర్విల్ భార్య. "అందరూ ఇంట్లోవాళ్ల పేర్లే పెట్టేసుకున్నారన్నమాట!" అంది అమ్మ. ఆ పెంగ్విన్లు గూడు కట్టుకునేది కూడా గులకరాళ్లతోనే, అదీ పక్క గూటివి కొట్టుకొచ్చి మరీ. పుల్లలు ఎక్కడ దొరుకుతాయి పాపం.

కలప కావాలంటే ఓడలో రావాల్సిందే. 1899లో బోర్ష్‌గ్రెవింక్ బృందం పదిమంది నార్వే నుంచి స్ప్రూస్ దుంగలు తెచ్చి ఇల్లు నిలబెట్టుకుని, ఆ ఖండం మీద మొదటిసారి చలికాలం గడిపారు. ఆ ఏడాది అక్టోబరులో వాళ్లలో నికొలాయ్ హాన్సన్ చనిపోతే కొండ మీద పాతిపెట్టారు. ఆ నేల మీద మొదటి సమాధి అదే. ఇల్లు ఇప్పటికీ ఉంది.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటి. ఆ ఇంట్లోంచి తీసిన పాత కాగితాల్లో న్యూజిలాండ్ వాళ్లకు ఒక నీటిరంగుల బొమ్మ దొరికిందని 2017లో బయటపడింది. తర్వాతి రోజుల్లో అంటార్కిటికా యాత్రలకు వెళ్లిన బ్రిటిష్ డాక్టరు, చిత్రకారుడు ఎడ్వర్డ్ విల్సన్ 1899లో వేసినది. బొమ్మలో ఉన్నది చనిపోయిన ట్రీక్రీపర్ పిట్ట.

"అంటే వడ్రంగి పిట్టా?"

"కాదమ్మా, పిచ్చుక కన్నా చిన్నది, మాను పట్టుకుని పైకి పాకుతుంది" అంటుండగా ముందు కారు రెండడుగులు కదిలింది.