నేలపట్టు గూడబాతులు, డయల్ మీద సి2

నేలపట్టు పక్షుల అభయారణ్యానికి బయల్దేరే ముందు రాత్రి సూళ్ళూరుపేట లాడ్జిలో కూర్చుని కెమెరాలో కస్టమ్ మోడ్‌లు సెట్ చేసుకున్నాను. అంటే కావలసిన సెట్టింగులన్నీ ఒకచోట దాచిపెట్టి, డయల్ తిప్పగానే వచ్చేలా చేసుకోవడం. సి1 గూట్లో ఉన్న పక్షికి: సెకనులో 500వ వంతు షటర్, ఒకే ఫోకస్ పాయింట్. సి2 ఎగిరే పక్షికి: 2000వ వంతు, పక్షి వెంట కదిలే ఫోకస్, బరస్ట్ (ఆగకుండా వరసగా ఫోటోలు). రెండింటికీ ఆటో ఐఎస్‌ఓ, అంటే వెలుగును బట్టి సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరానే సర్దుకుంటుంది. సి3 చెరువు దృశ్యాలకు. నైకాన్ వాడేవాళ్ళకు యు1, యు2 ఇలాంటివే. ఈ పని ముందురోజే అయిపోవాలి. పక్షుల ముందు నిలబడి మెనూలు వెతికితే ఉదయపు వెలుగు కాస్తా పోతుంది.

జనవరిలో నేలపట్టు చూసి తీరాలి. చెరువు నీళ్ళలోనే చెట్లు, వాటినిండా గూళ్ళు. వాచ్‌టవర్ ఎక్కగానే అక్కడి కాపలాదారు, "సార్, ఆ ఎడమ కొమ్మ చూడండి, పిల్లకు మేత పెడుతోంది" అన్నాడు. గూడబాతు (పెలికాన్) నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. బయట మెడ ఒక్కటే ఊగుతోంది. డయల్ సి1 మీద ఉంది. వెనక ఆకులు నల్లగా ఉన్నాయి కాబట్టి వెలుగును కొలిచే మీటర్ ఫోటోను వెలుగెక్కిస్తుంది, తెల్లటి ఈకల్లో వివరం పోతుంది. అందుకే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించాను.

అంతలో ఇంకో గూడబాతు రెక్కలు చాపి గూటి మీదికి దిగుతోంది. ఇక్కడే డయల్‌తో ఇబ్బంది. చాలా కెమెరాల్లో అది ఎడమవైపు ఉంటుంది. ఎడమ చెయ్యేమో బరువైన లెన్స్ కింద ఉంటుంది. చెయ్యి తీసి, లాక్ నొక్కి, తిప్పి, మళ్ళీ కన్ను పెట్టేసరికి పక్షి వాలిపోతుంది. నేను బొటనవేలి కింది నక్షత్రం బటన్‌కు ఎగిరే పక్షి సెట్టింగులు అప్పగించాను. నొక్కి ఉంచినంతసేపూ 2000వ వంతు, వదలగానే మళ్ళీ సి1. కన్ను వ్యూఫైండర్ నుంచి కదలనక్కర్లేదు. సౌకర్యమంటే నా లెక్కలో ఇదే.

కాసేపు కెమెరా ముట్టకపోతే అది నిద్రలోకి పోతుంది. లేచాక నేను తగ్గించిన ఎక్స్‌పోజర్ లేదు, రిజిస్టర్ చేసిన సి1 తిరిగొచ్చింది. చాలామందికి ఇది చిరాకు. నాకు మాత్రం ఇదే నచ్చుతుంది, డయల్ సి1 చూపిస్తే లోపల ఉన్నదీ సి1 అని నమ్మకం. మార్పులు నిలవాలనుకునేవాళ్ళకు మెనూలో ఆటో అప్‌డేట్ ఉంది. నాతో వచ్చిన మిత్రుడి కెమెరాలో ప్రతి మార్పూ దానంతటదే సేవ్ అవుతుంది. మధ్యాహ్నానికి ఏ మోడ్‌లో ఏముందో అతనికే అంతుచిక్కలేదు.

సాయంత్రం శ్రీహరికోట రోడ్డు. పులికాట్ సరస్సు మధ్యగా పోయే ఆ రోడ్డు మీద ఎక్కడ ఆగినా పక్షులే. ఇక్కడ వెనక మెరిసే ఆకాశం కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే రెట్టింపు) పెంచాను. ఫ్లెమింగోలు ఉన్నచోటి నుంచి లేవవు, నీళ్ళ మీద పరుగెత్తి లేస్తాయి. ఆ పరుగు మొదలవగానే బొటనవేలు నొక్కితే సరిపోయింది. రెక్కలు విచ్చుకోగానే గులాబీ, దాని అంచున నలుపు.

తిరుగు రైల్లో ఫోటోలు పెద్దవి చేసి చూశాక సి2లోనూ నక్షత్రం బటన్‌లోనూ షటర్‌ను 1250వ వంతుకు దించి మళ్ళీ రిజిస్టర్ చేశాను. గూడబాతు రెక్కలు నిదానంగానే ఆడిస్తుంది, ఐఎస్‌ఓ కొంత తగ్గితే ఈకలు ఇంకా శుభ్రంగా వస్తాయి.