కోనసీమ ఆడిట్‌లో రోజుకు రెండు గంటల చదువు

ఏప్రిల్ వచ్చిందంటే సీఏ ఆర్టికల్స్‌ది, అంటే ఆడిటర్ దగ్గర ట్రైనింగులో ఉన్న మాలాంటి వాళ్లది, సంక్రాంతికి బస్సు కండక్టరు పరిస్థితే. మార్చి 31తో బ్యాంకుల లెక్కలు ముగుస్తాయి. ఆ వెంటనే బ్రాంచీలన్నీ చుట్టేసి రిపోర్టులు ఇచ్చేయాలి. ఈసారి మా టీముకు కోనసీమ పడింది. అమలాపురంలో మకాం, అక్కడి నుంచి ముమ్మిడివరం, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, ఆఖరున వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం.

విజయవాడలో ఉంటే పొద్దున గంట, రాత్రి గంట సీఏ ఫైనల్‌కి చదువుకోవడం నాకు అలవాటు. కొత్త స్కీములో ఆర్టికల్స్ రెండేళ్లే. తర్వాత ఆరు నెలలు చదువుకుని పరీక్షకు కూర్చోవాలి. ఉన్నవి ఆరు పేపర్లు. ఆ ఆరు నెలలనే నమ్ముకుని కూర్చుంటే ఏమవుతుందో మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు సీనియర్లను చూస్తే తెలుస్తుంది. అయినా పరీక్ష అంత దూరాన ఉన్నప్పుడు పుస్తకం మూసెయ్యడానికి ఊరు మారడాన్ని మించిన సాకు ఏముంటుంది?

మ్యాపులో చూస్తే ఈ ఊళ్లన్నీ పక్కపక్కనే ఉంటాయి. కానీ ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఎటు కదిలినా ఏదో ఒక పాయ అడ్డం. అమలాపురానికి రైలు లేదు. పైగా ఏప్రిల్ అంటే దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు. ధాన్యం సగం రోడ్డు మీదే ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో మా బస్సు, ఎదురుగా గడ్డి ట్రాక్టరు. ఇలాంటి చోట "ఎనిమిదింటికి చదువు" అని రాసుకుంటే ఆ కాగితం చూసి మనమే నవ్వుకోవాలి. మా సీనియర్ ముందే అన్నారు, "టైము పెట్టుకోకు, దేని తర్వాత ఏదో పెట్టుకో" అని. ఇడ్లీకి ముందు ఒకటి, రేవు దగ్గర ఒకటి, బ్యాంకు షట్టరు తీశాక ఒకటి. నేను పట్టుకున్నది ఆ ఒక్క మాటనే.

లెక్కలకు బల్ల కావాలి, మా లాడ్జి గదిలో బల్ల లేదు. కింద టిఫిన్ హోటలు మాత్రం తెల్లవారకముందే తెరిచేవారు. గుడి మైకు మొదలయ్యేసరికి నేను కాలిక్యులేటరు పట్టుకుని మూల బల్ల దగ్గర ఉండేదాన్ని. అక్కడ పొట్టిక్కలు ఫేమస్, పనసాకు బుట్టల్లో పిండి పోసి ఆవిరికి పెడతారు. మొదటి వాయి దిగేలోపు కన్సాలిడేషన్ (గ్రూపు కంపెనీల ఖాతాలు కలపడం) లెక్క ఒకటి అయిపోవాలని పందెం పెట్టుకున్నాను. మైనారిటీ వాటా (గ్రూపు బయటి వాటాదారులది) దగ్గర ఇరుక్కుంటే వాయి దిగిపోయేది, హోటలాయన ప్లేటు పట్టుకుని నిలబడి "అవ్వలేదాండీ ఇంకా?" అనేవారు. రోజు మొత్తంలో గట్టి చదువు అదే. తొమ్మిది దాటాక తల మన చేతిలో ఉండదు.

బస్సులో లెక్కలు కుదరవు, వీడియో పాఠాలకు సిగ్నల్ నిలవదు. అందుకే బయల్దేరే ముందే అకౌంటింగ్ స్టాండర్డులు జిరాక్సు తీయించి, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. పుస్తకం మొత్తం మోసుకెళ్లడం ఉత్త బరువు. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ) కోసం ఆగినప్పుడు ఆ కాగితాలూ పనికిరాలేదు, గాలికి ఎగిరిపోతున్నాయి. పంటు మీదకి బైకులు ఎక్కుతాయి, ఆటోలు ఎక్కుతాయి, కార్లు ఎక్కుతాయి, మనం ఏ మూలనో నిలబడాలి. అది వద్దనుకుంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. నిలబడ్డ చోట నోటితో చదవడమే మిగిలింది. నేను, నాతో వచ్చిన జూనియర్ కుర్రాడు ఆదాయం ఎప్పుడు చూపించాలో చెప్పే స్టాండర్డు, ఇండ్ ఏఎస్ 115 మీద వాదించుకున్నాం.

"అక్కా, పంటువాడు టికెట్ డబ్బులు ముందే తీసుకున్నాడు కదా, ఆదాయం ఇప్పుడే చూపిస్తాడా?"

"డబ్బు రావడం వేరు, ఆదాయం వేరు. ఒప్పందం ఏంటి?"

"మనల్ని నరసాపురం చేర్చడం."

"మరి పడవ కదులుతున్నకొద్దీ మనకి సేవ అందుతోందా, అవతలి ఒడ్డు చేరాకే అందుతుందా?"

వాడు కాసేపు నీళ్లకేసి చూసి "కదులుతున్నకొద్దీ" అన్నాడు. నది మధ్యలో పంటు ఆగిపోతే ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి దాటించక్కర్లేదు, మిగతా సగం దాటిస్తే చాలు. కాబట్టి "ఓవర్ టైమ్", అంటే ఆదాయాన్ని ఒకేసారి కాకుండా సేవ అందుతున్నకొద్దీ చూపించాలి. పక్కన బైకు మీద కూర్చున్నాయన మమ్మల్ని పంటు పాటదారుల మనుషులనుకున్నట్టున్నారు, "రేటు పెంచుతారాండీ?" అని అడిగారు.

బ్యాంకులో చేసే పనిని కూడా చదువు కింద రాసుకోవడం నేను ఈ ట్రిప్పులోనే మొదలుపెట్టాను. ఈ ప్రాంతం బ్రాంచీల్లో బంగారం లోన్లు ఎక్కువ. సీలు వేసిన ప్యాకెట్లలో కొన్నింటిని మనమే ఏరి తీయించి తూకం చూడాలి. తూకానికి ముందు ఫ్యాను ఆపాలి, లేకపోతే కాటా మీద అంకె నిలవదు. ఏప్రిల్‌లో, కోనసీమ ఉక్కలో, ఫ్యాను ఆపిన గదిలో అప్రైజర్ గారు నల్లపూసల గొలుసు కాటా మీద పెట్టి నుదురు తుడుచుకుంటుంటే నాకు ఎస్ఏ 530 శాంప్లింగ్ (కొన్నింటిని ఏరి పరీక్షించడం మీద ఆడిట్ స్టాండర్డు) ఒక్కసారిగా ఎక్కేసింది. పంట లోన్లూ అంతే. మామూలు లోను బాకీ కట్టకుండా 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. స్వల్పకాలిక పంటలకైతే రెండు పంట కాలాలు చూడాలి. పుస్తకంలో ఇది ఒక లైను. ఇక్కడ సార్వా ఎప్పుడు కోస్తారు, దాళ్వా డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది అని ఫీల్డ్ ఆఫీసరు గారు వేళ్ల మీద లెక్క చెప్పారు. ఇక మర్చిపోను.

చదువుకి అసలు గండం మర్యాద. "భోంచెయ్యకుండా ఎలా వెళ్తారండీ" అని మొదలైతే ఆ మధ్యాహ్నం పోయినట్టే. దారి తప్పని బాటసారులకు కూడా పిలిచి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి గడ్డ ఇది. పి.గన్నవరంలో వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడెక్టుకు (కాలువను నది మీదుగా దాటించే వంతెన) ఆవిడ పేరే పెట్టారు. వద్దని చెప్పడం ఈ ఊళ్లలో నిజంగా తప్పే. పైగా ఆడిటర్‌గా బ్యాంకువాళ్ల ఇంట్లో విందు తినడం నాకు నచ్చదు. నాకు పనిచేసిన ఉపాయం ఒకటే, పొద్దున షట్టరు తీయగానే మనమే అడిగెయ్యడం. "సార్, నాలుగింటికి ఒక కొబ్బరి బోండం ఇప్పించండి చాలు, భోజనం క్యారేజీ తెచ్చుకున్నాం." "ఆయ్, అలాగేనండి" అనేవారు. వాళ్ల మాట దక్కేది, నా మధ్యాహ్నమూ దక్కేది.

రాత్రి చదువు మాత్రం వదిలేశాను. లాడ్జికి చేరేసరికి ఎల్ఎఫ్ఏఆర్‌లో (బ్యాంకు ఆడిట్ వివరాల పెద్ద రిపోర్టు) నింపాల్సిన గడులు మిగిలే ఉంటాయి, సార్ ఫోన్ చేస్తూనే ఉంటారు. ఆ టెన్షన్‌లో పుస్తకం తెరిస్తే పేజీ కదలదు, నిద్ర కూడా చెడుతుంది. రేపు బస్సులో ఏ కాగితం, రేవులో ఏ ప్రశ్న అని రెండు ముక్కలు రాసి పడుకునేదాన్ని. సాయంత్రం నడకా సాగలేదు, కాలువ గట్టు మీద దోమలు నడవనివ్వవు. అన్నీ నిలబెట్టుకోవాలని పంతం పడితే ఒక్కటీ నిలవదనిపించి దాన్నీ వదిలేశాను. కొన్ని రోజులు రెండు గంటలు గంటే అయ్యింది, అయినా సున్నా రోజు రానివ్వలేదు.

నరసాపురం రిపోర్టు అప్‌లోడ్ అయిన సాయంత్రమే బయల్దేరి విజయవాడ వచ్చేశాం. ఇప్పుడు రాత్రి గంట తీసేసి రెండు గంటలూ తెల్లవారుజామునే పెట్టుకున్నాను. కన్సాలిడేషన్ అయిపోయింది, లీజులు సగంలో ఉన్నాయి. తర్వాత భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో స్టాక్ ఆడిట్ అంటున్నారు. అక్కడ కోల్డ్ స్టోరేజీ తడికి జిరాక్సులు ఆగవు, ఈలోపు ప్లాస్టిక్ కవర్లు కొనాలి.