ఎల్‌సీ ఉంటే అర్ధ రూపాయి వడ్డీ: డేవూ తొలి పదేళ్లు

డేవూ అంటే మనోళ్లకు సియెలో, మాటిజ్ కార్లే గుర్తొస్తయి. ఆ కంపెనీ పుట్టింది మాత్రం బట్టల వ్యాపారంల. 1967 మార్చిలో కిమ్ వూ చూంగ్ దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చిన్న ఆఫీసు తెరిచి, సింగపూర్ వైపు ట్రైకాట్ అనే అల్లిక బట్ట పంపుడు మొదలుపెట్టిండు. కూలి చవక కాబట్టి ఎదిగిందని చాలామంది తేల్చేస్తరు. చవక కూలి కొరియాలో అందరికీ దొరికేదే కదా! అసలు కారణం కావాలంటే అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ సర్కారు ఎగుమతిదారులకు పెట్టిన వడ్డీ చూడాలె.

అప్పట్ల అక్కడి బ్యాంకుల్లో మామూలు అప్పుకు ఏడాదికి 26 శాతం. నల్గొండ లెక్కల రెండు రూపాయలు దాటిన వడ్డీ. విదేశీ పార్టీ తెరిచిన ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరుకు పంపితే పైసలిస్తమని కొనేటోని బ్యాంకు రాసిచ్చే హామీ) చూపిస్తే 6 శాతమే, అంటే అర్ధ రూపాయి. లక్షకు మూడు నెలలకు ఒక దిక్కు 6,500, ఇంకో దిక్కు 1,500. షర్టు మీద లాభం అంతంతే ఉన్నా ఈ తేడాతోనే దుకాణం నడుస్తది. పైగా ఆ ఎల్‌సీ మీదనే దేశంలోని నూలు మిల్లుకు లోకల్ ఎల్‌సీ తెరవొచ్చు, మిల్లుకూ చవక అప్పే.

ఎగుమతి సరుకు కోసం తెచ్చే ముడిసరుకుకు దిగుమతి సుంకం లేదు. తరుగు సంగతి మిర్యాలగూడ మిల్లర్లకు నేర్పాల్సిన పనిలేదు, కొరియాలోనూ డబ్బు ఆడనే. 100 గజాల బట్టకు 10 గజాల తరుగు సర్కారు ఒప్పుకుందనుకుందాం. కటింగ్ మాస్టర్ ముక్కలు దగ్గర దగ్గరగా పేర్చి 4 గజాలతో సరిపెడితే, మిగిలిన 6 గజాలు దేశంలనే అమ్ముకోవచ్చు. బయటి బట్ట రాకుండా ఆంక్షలుండె కాబట్టి అక్కడ ధర ఎక్కువ. సరుకే ఎగుమతి కాకుంటే మాత్రం సుంకం కట్టాల్సిందే.

డేవూను మిగతావాళ్ల నుంచి వేరుచేసింది అమెరికా కోటా, అంటే ఎవరు ఎంత సరుకు పంపొచ్చో పెట్టిన హద్దు. 1971 అక్టోబరులో కృత్రిమ నూలు, ఉన్ని బట్టల మీద అమెరికా కొరియాతో పరిమితుల ఒప్పందం చేసుకుంది. కోటా పంచేది పాత ఎగుమతుల రికార్డును బట్టి. కిమ్ ముందే పసిగట్టి, లాభం చూడకుండా అమెరికాకు సరుకు దంచి పంపిండు. పెద్ద వాటా దక్కింది. ఆ తర్వాత సియర్స్ లాంటి అమెరికా పెద్ద దుకాణాలకు షర్టులు కావాలంటే కోటా ఉన్నోని దగ్గరికే రావాలె.

మన దగ్గర బియ్యం పంపేటోళ్లకు ఇట్లాంటి ఎగుమతి రికార్డు నిలబెట్టుకునుడే కష్టం. 2023 జూలై 20న బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతి ఆగింది, ఆగస్టు 25న బాయిల్డ్ బియ్యం మీద 20 శాతం సుంకం పడ్డది. 2024 అక్టోబరు నాటికి రెండూ పోయినయి. ఏడాదికి పైగా ఆగితే కొనేటోడు వియత్నాం, థాయ్‌లాండ్ దిక్కు చూస్తడు. ఇక్కడ దేశంల ధర ముఖ్యం, తప్పు పట్టలేం. కొరియాలో మాత్రం అధ్యక్షుడే నెలనెలా ఎగుమతి సమావేశంల కూర్చునేది.

1975లో కొరియాలో జనరల్ ట్రేడింగ్ కంపెనీల పద్ధతి వచ్చింది, అంటే అన్ని రకాల సరుకు ఎగుమతి చేసే పెద్ద కంపెనీలకు సర్కారు ఇచ్చే హోదా. హోదాకు చూసేది ఎగుమతి డాలర్లు, విదేశీ శాఖలే తప్ప లాభం కాదు. డేవూ ఇతరుల సరుకు కూడా తన లెక్కల వేసుకొని అమ్మకం పెంచింది. నా లెక్కల 1999లో డేవూ అప్పుల్లో కూలిపోయేదానికి విత్తనం ఇక్కడే పడ్డది.

డాలర్లు తెచ్చేటోడని సర్కారు 1976లో నష్టాల్లో మునిగిన హాంకుక్ మెషినరీని కిమ్ చేతిల పెట్టింది. రెండేండ్లకు కట్టుడు సగంల ఆగిన ఓక్‌పో షిప్‌యార్డు (ఓడలు కట్టే కర్మాగారం) వంతు. వద్దని ఉన్నా తీసుకోక తప్పలే. అప్పిచ్చే బ్యాంకులన్నీ సర్కారు చేతిలనే ఉండె.