కొండ దిగి వచ్చిన పేరు: ఓబులేసు

మా జేజి, అంటే నాయనమ్మ, బతికినన్నాళ్ళూ అహోబిలం అన్న మాట నోటితో అనలేదు. భక్తి లేక కాదు. మా జేజినాయన పేరు ఓబులేసు. మొగుని పేరు పలకకూడదన్న పట్టింపు ఆమెకు ఎంత గట్టిదంటే, ఆ పేరుకు దగ్గరగా వినబడే మాట ఏదొచ్చినా పక్కనుంచి తప్పుకుపోయేది. ఓబులవారిపల్లెలో ఉన్న చుట్టాలు ఆమెకు "ఆ రైలు టేసనూరోళ్ళు". అహోబిలం పోవాలంటే "కొండకు పోదాం" అనేది. స్వామి "కొండాయన". కొత్తగా వచ్చిన కోడళ్ళు తిరుమల అనుకుని ఎన్నిసార్లు తికమకపడ్డారో లెక్కలేదు.

మొన్న మా తమ్ముడి మనవడి బారసాలలో పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరం చేతికిచ్చి, "పేరు రాయండి" అన్నాడు అయ్యవారు. వాళ్ళు ముందే అనుకున్న పేరు ఏదో ఉంది, రెండక్షరాలది, చెవికి బాగానే ఉంది. ఎవరో పెద్దాయన "తాతకు తాత పేరు కూడా కలపండ్రా" అనేసరికి గదంతా నవ్వు. అందులో నా నవ్వు కూడా ఉంది. అది తర్వాత రాత్రంతా గుచ్చింది.

చిన్నప్పుడు బడిలో హాజరు పిలిచేటప్పుడు మా తరగతిలోనే ఇద్దరు ఓబులేసులు, ఒక ఓబులపతి, ఒక ఓబుల్ రెడ్డి ఉండేవాళ్ళు. నంద్యాల, కడప, అనంతపురం వైపు అప్పట్లో ఇది వింత పేరు కాదు. ఓబన్న, ఓబయ్య, ఆడవాళ్ళలో ఓబుళమ్మ. ఇప్పుడు ఆ బడి హాజరు పట్టీ తిరగేస్తే ఒక్కరు దొరికితే గొప్ప. పల్లెటూరి మొద్దబ్బాయికి పెట్టే పేరుగా సినిమాల వాళ్ళు కూడా తలా ఒక చెయ్యి వేశారు. ఇంతకీ ఆ పేరులో ఏముందో నవ్వినవాళ్ళలో ఎవరికీ తెలియదు. నాకు తెలిసీ నవ్వాను.

ఓబులేసు అంటే అహోబలేశుడు, అహోబిలం స్వామి. ఆ పేరు పుట్టిన చోటు నల్లమల. ఆళ్ళగడ్డ దాటి అడవి మొదలయ్యే చోట దిగువ అహోబిలం, అక్కణ్ణుంచి పైకి పోతే ఎగువ అహోబిలం, భవనాశిని వాగు, ఆ లోపల గుట్టల్లో, గుహల్లో తొమ్మిది నారసింహ రూపాలు. స్తంభం చీల్చుకుని స్వామి వచ్చింది ఇక్కడే అంటారు. ఉగ్రస్తంభం అని చూపించే కొండకొమ్ము నిజంగానే నిలువునా పగిలినట్టుంటుంది. వైష్ణవులు పవిత్రంగా చూసే 108 దివ్యదేశాల్లో ఇదొకటి. తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ చోటును సింగవేళ్ కుండ్రమని పిలిచి పది పాశురాలు, అంటే తమిళ పాటలు, పాడాడు. దేవుళ్ళకు తప్ప మామూలువాళ్ళకు చేరడం సాధ్యం కాని చోటు అన్నాడు. అప్పటి అడవి తలుచుకుంటే ఆయన మాటలో అతిశయోక్తి ఏమీ కనిపించదు.

ఊరికి రెండు పేర్లున్నాయి, అహోబిలం, అహోబలం. బిలం అంటే గుహ, అంతవరకు సులువు. రెండోదాని వెనక ఈ శ్లోకం ఉంది:

అహో వీర్యం అహో శౌర్యం అహో బాహుపరాక్రమః
నారసింహం పరం దైవం అహోబలం అహోబలం

హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో వేసుకుని చీల్చిన స్వామిని చూసి దేవతలు అరిచిన అరుపు ఇది అని పెద్దలు చెబుతారు. ఈ శ్లోకంలో క్రియాపదం లేదు. ఎవరు ఎవరిని ఏంచేశారన్న కథ లేదు. అహో, అహో, అహో అనడమే. కళ్ళ ముందు జరిగింది ఇంకా నమ్మలేనివాడు వాక్యం పూర్తిచేయలేడు కదా. అలా అరిచిందెవరు? నిన్నటిదాకా ఆ రాక్షసుడికి భయపడి దాక్కున్న దేవతలు. తమ దగ్గర లేని బలాన్ని మొదటిసారి చూసినవాళ్ళు. మనం పెట్టుకునే పేర్లలో గుణం ఉంటుంది, రూపం ఉంటుంది, ఏదో ఒక బిరుదు ఉంటుంది. ఇందులో మాత్రం ఒక ఆశ్చర్యం ఉంది. అహోబలేశుడంటే బలవంతుడని అర్థం చెప్పి వదిలేస్తే ఆ "అహో" అన్యాయమైపోతుంది.

బలం అన్న మాట దగ్గర నాకు ఎప్పుడూ పోతన గుర్తొస్తాడు. లోకాలన్నీ నా పేరు చెబితే వణుకుతుంటే నువ్వు ఎవడి బలం చూసుకుని ఇట్లా ఎదురు చెబుతున్నావురా అని తండ్రి అడుగుతాడు. అప్పుడు ప్రహ్లాదుడు:

బలయుతులకు దుర్బలులకు
బలమెవ్వడు? నీకు నాకు బ్రహ్మాదులకున్
బలమెవ్వడు? ప్రాణులకును
బలమెవ్వం డట్టి విభుడు బల మసురేంద్రా!

ఈ కందం అందరికీ నోటికొచ్చేదే. చదువుతూ పోతే ఆ "నీకు నాకు" దగ్గర చాలామంది ఆగరు. నేనూ చాలా ఏళ్ళు ఆగలేదు. చంపుతానని నిలబడ్డ తండ్రితో పిల్లవాడు, నాకు దేవుడున్నాడు నీకెవడున్నాడు అనడం లేదు. నీ చేతిలో ఉన్న ఆ గద ఎత్తే బలం కూడా ఆయనదే నాన్నా అంటున్నాడు. "నీకు" ముందు, "నాకు" తర్వాత. బలం ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ ఒకే పాదంలో కూర్చోబెట్టాడు. కొండమీద దేవతలు "అహో" అని అరిచింది ఏ బలాన్ని చూసో, ఆ బలం గురించి అంతకుముందే ఐదేళ్ళ పిల్లవాడు గొంతు పెంచకుండా చెప్పేశాడు.

ఇక అహోబలేశుడు ఓబులేసు ఎట్లా అయ్యాడు? అన్నమయ్య కీర్తనల్లో అప్పటికే ఔభళం అని వినబడుతుంది. అన్నమయ్యకు శాస్త్రం చెప్పిన గురువు ఆదివన్ శఠగోప యతి అహోబిలం మఠానికి తొలి జీయరు, అంటే పీఠాధిపతి. కాబట్టి అన్నమయ్య ఆ పేరును శుద్ధంగా పలకడం రానివాడేం కాదు. పలుకుబడిలో 'అహో' కాస్తా 'ఔ' అయింది, ఇంకా అరిగి 'ఓ' అయింది. ఔబళం, ఓబళం, ఓబులం. మావైపు పాతకాలం వాళ్ళు ఊరిని ఇప్పటికీ ఓబులమే అంటారు. పుట్టపర్తి వైపు ఓబుళదేవరచెరువు ఉంది, బళ్ళారి సరిహద్దులో ఓబులాపురం ఉంది. కన్నడసీమలో చిత్రదుర్గం కోటను రోకలిబండతో కాపాడిన ఓబవ్వ పేరులోనూ ఈ ఓబళుడే. అరిగి అరిగి చివరికి మిగిలిన అక్షరం 'ఓ' కావడం నాకు ముచ్చటగా ఉంటుంది. తెలుగులో దేవుణ్ణి పిలవాలన్నా పక్కింటివాణ్ణి పిలవాలన్నా అదే కదా వాడతాం.

కుందూ, పెన్నా గట్లమీద ఈ పేరుకు కులం లేదు. పంతులు ఇంట్లో అహోబలశాస్త్రి, రెడ్డి ఇంట్లో ఓబుల్ రెడ్డి, రాళ్ళు కొట్టే ఇంట్లో ఓబన్న. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరితీశారని చదువుకున్నాం. ఆయనకు కుడిభుజంగా నిలిచి పోరాడినవాడు వడ్డె ఓబన్న. దొర పేరు నరసింహం, బంటు పేరు ఓబన్న. ఇద్దరివీ ఒకే దేవుడి పేర్లు, ఒకటి గుళ్ళో పలికే తీరు, ఇంకొకటి బజార్లో పలికే తీరు. స్వామి నక్షత్రమైన స్వాతిలో పుట్టినా, ముందు పిల్లలు దక్కక మొక్కుకుని కన్నా ఈ పేరే పెట్టేవాళ్ళు. మా జేజినాయన రెండో లెక్క. ఆయనకు ముందు ముగ్గురు పోయారట.

పేరు ఇంతగా ఊళ్ళలోకి దిగడానికి స్వామి స్వభావం కూడా కారణమని నా నమ్మకం. ఈయన కొండమీద కూర్చుని మీరే రండి అనే రకం కాదు. 1398 ప్రాంతంలో మఠం మొదలైనప్పుడు, ఆ తొమ్మిది రూపాల్లో ఒకడైన మాలోల నరసింహుడి ఉత్సవమూర్తి తనంతట తానే జీయరు చేతుల్లోకి వచ్చిందని, నన్ను తీసుకుని ఊరూరా తిరగమని ఆజ్ఞ అయిందని సంప్రదాయం. ఆ మూర్తి ఈనాటికీ పీఠంలో ఉన్న జీయరు ఎటు పోతే అటు పోతుంది. ఇక పారువేట ఉత్సవం సంగతి మావాళ్ళకు చెప్పక్కర్లేదు. చెంచులక్ష్మిని పెళ్ళాడి చెంచులకు అల్లుడైనవాడు, తన పెళ్ళికి రమ్మని ఊరూరా తిరిగి తానే పిలుస్తాడు. కనుమనాడు పల్లకి బయలుదేరుతుంది. చెంచులు బాణాలు వేసి సాగనంపుతారు. అక్కణ్ణుంచి నెల దాటి ఇంకా కొన్నాళ్ళు పల్లె తర్వాత పల్లె. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు తిరిగి గుడికి చేరతాడు. ఏ ఊళ్ళో ఎక్కడ దించాలి, ఎవరి మోతలు, ఎవరి మర్యాదలు అన్నీ తాతలనాటి లెక్కలే. దేవతలకు తప్ప చేరరానిదని ఆళ్వారు పాడిన చోటునుంచి దేవుడే దిగి వచ్చి శనగచేల గట్లమీద, దుమ్ములో, బోయీల భుజాలమీద ఊగుతూ తిరుగుతుంటే, ఆయన పేరుకు ఆ దుమ్ము అంటకుండా ఎట్లా ఉంటుంది? అహోబలేశుడు మా వీధిలోకి వచ్చేసరికి ఓబులేసు అయ్యాడు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు. పల్లకి మా ఊరికి వచ్చింది. జేజినాయన కీళ్ళ నొప్పులతో మంచం దిగలేని ఏడాది అది. జేజి నన్ను వెంటబెట్టుకుని కొబ్బరికాయ, అరటిపళ్ళు, పసుపు గుడ్డలో ముడేసిన అర్ధరూపాయి తీసుకుని వరసలో నిలబడింది. పల్లకి పైన కట్టిన పట్టు గుడ్డకు అంచంతా ఎర్రమట్టి. వరస కదిలి కదిలి మా వంతు వచ్చింది.

"గోత్రం చెప్పమ్మా" అన్నాడు అయ్యవారు. చెప్పింది.

"ఇంటాయన పేరు?"

జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను ముందుకు తోసింది. నాకేమో ఆ జనం, ఆ డప్పులు, ఆ కాగడాలు చూసి నోరు పెగల్లేదు. వెనక వరస తోస్తోంది. అయ్యవారు మళ్ళీ అడిగాడు, ఈసారి కొంచెం విసుగ్గా.

జేజి తలెత్తి పల్లకి వైపు గడ్డంతో చూపించింది. "ఆయప్ప పేరే, సామీ."

అయ్యవారు ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా పువ్వులు చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. మా ఊళ్ళో ఎవ్వరూ ఎప్పుడూ పిలవనట్టుగా, ఒక్క అక్షరం కూడా అరగకుండా, మా జేజినాయన పేరు అప్పుడు విన్నాను.

"అహోబలేశ్వర నామధేయస్య..."