బళ్ళారి రాఘవ ఊళ్ళో ఒక రోజు

గుంతకల్లులో దిగి బళ్ళారి బండి ఎక్కేసరికి ఏడు దాటింది. అక్కడి నుంచి గంట ప్రయాణం. మా తాతది తాడిపత్రి. చిన్నప్పుడు ఆయన చెప్పిన కథల్లో భీముడు, అర్జునుడు ఎంత ఉండేవాళ్ళో నాటకాల నటుడు బళ్ళారి రాఘవ కూడా అంత ఉండేవాడు. "మా ఊరోడేరా" అని మొదలుపెట్టేవాడు తాత. పఠాన్ రుస్తుం వేషంలో రాఘవ స్టేజీ మీదికి వస్తే ముందు వరసలో పిల్లలు తల్లుల కొంగు చాటున దాక్కునేవాళ్ళట. ఆ రుస్తుం ఎలా నడిచేవాడో తాత వసారాలో నడిచి చూపించేవాడు. నేను నాటకాల్లో చిన్న చిన్న వేషాలు వేయడం మొదలుపెట్టింది ఆ నడక వల్లనే. అందుకే ఆ ఊరు ఒకసారి చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

స్టేషన్ బయట ఆటో అతన్ని నాకు వచ్చిన నాలుగు కన్నడ ముక్కల్లో అడిగితే, "యాడికి పోవాల సార్?" అని తెలుగులోనే అన్నాడు. హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. అనంతపురంలో తిన్నట్టే ఉంది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఒక మాట కన్నడంలో, ఒక మాట తెలుగులో మాట్లాడుకుంటున్నారు. 1953లో ఈ ఊరు మైసూరు రాష్ట్రంలో, అంటే ఇప్పటి కర్ణాటకలో చేరింది. అప్పటికి రాఘవ పోయి ఏడేళ్ళు. ఆయన తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో నాటకాలు ఆడారని చదివినప్పుడు అదొక గొప్ప విద్య అనుకునేవాణ్ణి. ఈ హోటల్లో కూర్చున్నాక అందులో సగం ఈ ఊరే నేర్పి ఉంటుందనిపించింది.

ఆయన 1880లో తాడిపత్రిలో పుట్టారు. అసలు పేరు రాఘవాచార్యులు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆంధ్ర నాటక పితామహుడని పేరున్న ఆయన బళ్ళారిలో వకీలు. ఇక్కడే సరస వినోదినీ సభ పెట్టి నాటకాలు ఆడించారు. దానికి పోటీగా సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావు గారు కూడా వకీలే. తాత చెప్పిన రుస్తుం వేషం, విజయనగరం కూలిపోయిన కథతో కోలాచలం వారు రాసిన నాటకంలోదే. రాఘవ కూడా మద్రాసులో లా చదివి వచ్చి క్రిమినల్ వకీలుగా పేరు తెచ్చుకున్నారు. పగలు కోర్టు, రాత్రి నాటకం. కూడు పెట్టింది కోర్టే. నాటకాన్ని ఆయన డబ్బు కోసం ఆడలేదు.

మధ్యాహ్నం ఆయన పేరు మీద ఉన్న రాఘవ కళామందిరానికి వెళ్ళాను. లోపల కాలేజీ పిల్లలు కన్నడ నాటకం రిహార్సల్ చేసుకుంటున్నారు. అడిగితే వెనక వరసలో కూర్చోనిచ్చారు. ఒకమ్మాయి ఏడ్చే సీను చేస్తోంది. గొంతు పెంచకుండా, రెండు చేతులూ కదపకుండా చేస్తోంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే రాఘవ పోరాడింది ఇలాంటి నటన కోసం, ఆడవేషం ఆడమనిషే వేయడం కోసం. పద్యం మీద రాగం సాగదీసి వన్స్‌మోర్లు కొట్టించుకునే రోజుల్లో, పాట కాదు, పాత్ర కనబడాలి అన్న మనిషి ఆయన. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో, ఆడవాళ్ళ పాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్న స్త్రీలు ఆయన సరసన స్టేజీ ఎక్కారు. వాళ్ళు ఎన్ని మాటలు పడి ఉంటారో! గాంధీగారు ఆయన 'దీనబంధు కబీర్' చూసి మెచ్చుకున్న సంగతి అందరూ చెబుతారు. 1928లో ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిసిన సంగతీ చెబుతారు. నాకు మాత్రం ఈ పట్టుదలే వాటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

సినిమాల్లోకి ఆయన యాభై దాటాక వచ్చారు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో 'రైతుబిడ్డ'. జమీందారీని ఎదిరించే ఆ సినిమాను కొన్ని చోట్ల నిషేధించారు. తీయించినవారిలో చల్లపల్లి రాజా కూడా ఉన్నారు, స్వయంగా జమీందారు! తర్వాత 'చండిక'. నాకు తెలిసి అంతే. రుస్తుంను, హరిశ్చంద్రుణ్ణి ఎవరూ కెమెరాలో పట్టలేదు. ఆ బాధ నాకు తీరేది కాదు. తాత నడిచి చూపించిన ఆ పదడుగులే నా దగ్గరున్న ఫిల్ము.

సాయంత్రం కోట గుట్ట ఎక్కాను. గుట్టంతా ఒకటే రాయిలా ఉంటుంది. ఎండకు కాగిన బండ చీకటి పడుతున్నా వేడిగానే ఉంది. కింద ఊళ్ళో దీపాలు వెలుగుతున్నాయి. చుట్టూ ఎవరూ లేరు. తాత నడిచినట్టు భుజాలు వెనక్కి విరిచి, మడమ నొక్కి, పదడుగులు నడిచాను. ఎనిమిదో అడుగులో ఒక కుర్రాడు మెట్లెక్కి వచ్చి నిలబడి చూశాడు.

"నాటకమా అన్నా?" అన్నాడు.

"అవును, రాఘవ గారిది" అన్నాను.

"ఇంకోసారి చేయన్నా" అని బండ మీద కూర్చున్నాడు.