మునగాకు పొడి, ఆరో విడత: మళ్ళీ ఖాకీ రంగే

ఆరోసారి కూడా పొడి ఖాకీ రంగులోనే వచ్చింది. ఇంట్లో స్పైరులినా (పొడి చేసుకుని తినే నీటి నాచు) పెంచడం మహా కష్టమని అందరూ భయపెట్టారు, అదేమో హాయిగా పెరుగుతోంది. నీళ్ళు పోయకపోయినా పెరిగే పెరటి మునగ మాత్రం నన్ను రెండు నెలలుగా ఏడిపిస్తోంది.

స్పైరులినా సంగతి ఒక్క ముక్కలో: 40 లీటర్ల తొట్టి, నీటి క్షారగుణం చెప్పే పీహెచ్ 10.1, వారానికి రెండు కోతలు, రెండూ కలిపి 65 గ్రాముల తడి ముద్ద.

ఇక మునగాకు. చెట్టు పీకేఎం-1 అనే మునగ రకం. కాకినాడలో ఆషాఢం ఉక్కపోత సంగతి తెలిసిందే. గదిలో 30 డిగ్రీలు, గాలిలో తేమ 78 నుంచి 84 శాతం. పొద్దున్నే కోసి, కడిగి, దూసి తూస్తే ఆకు 600 గ్రాములు. పాత పంచె మీద నీడన పరిచాను. రెండో రోజు సాయంత్రానికి అడుగున ఉన్న ఆకు పసుపు తిరిగింది. నాలుగో రోజుకి ఎండుగడ్డి వాసన. ఆరో రోజు తూస్తే 171 గ్రాములు. నలిపితే పొడి అవుతోంది కదా, ఎండినట్టే అనుకుని మిక్సీలో వేసి జల్లించాను. తొమ్మిది రోజులకి డబ్బాలో గడ్డ కట్టింది.

అదృష్టం కొద్దీ, పొడి కొట్టిన రోజే కొంచెం జిప్ కవర్లో విడిగా దాచాను. అందులోంచి 20 గ్రాములు తీసి, ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచాను. మిగిలింది 17.6. అంటే 12 శాతం నీళ్ళున్న పొడిని డబ్బాకెత్తానన్నమాట! ఏడెనిమిది శాతం మించితే నిల్వ కష్టం. ఆ లెక్కన ఆకు 162 గ్రాములకు దిగేదాకా ఆగాల్సింది, 171 దగ్గరే తొందరపడ్డాను.

గడ్డ కట్టడానికి కారణం దొరికింది. రంగుకే దొరకలేదు. ఎండ తగల్లేదు కాబట్టి తప్పు ఎండది కాదు. నా అనుమానం ఇది: కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు, ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. ఈ తేమలో మెల్లగా ఆరేలోపు ముసలిదైపోయి పత్రహరితం పోగొట్టుకుంటోంది. తేల్చుకుందామని పళ్ళేనికి 100 గ్రాముల చొప్పున పెట్టాను. వేలెడు మందంగా, ఫ్యాన్ లేకుండా పరిచిన దాని మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 33.4 చూపించింది, గది కంటే మూడు డిగ్రీలకు పైనే. ఒకే పొరగా టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టింది 40 గంటల్లో ఆరింది, చాలావరకు పచ్చగానే ఉంది, కాని ఆకు నరాల దగ్గర పసుపు. వేడినీళ్ళలో నిమిషం ముంచి ఆరేసినదాని రంగు అదిరింది. అయితే ఆ నీళ్ళు కూడా పచ్చబడ్డాయి. సి విటమిన్ కొంత అందులోనే పోయి ఉంటుంది. ఆ నీళ్ళని సింకులో పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. నాలుగోది ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్). డయల్ 60 మీద పెడితే లోపల 78 ఉంది! ఆకు నల్లపచ్చగా మాడిపోయింది. ఏ కంపెనీ డయల్‌నీ నమ్మకండి, విడిగా ఒక థర్మామీటర్ కొనుక్కోండి.

అనంతపురంలో మా అక్క ఏ కొలతలూ లేకుండా మేడ మీది గదిలో ఆరేస్తే మూడో రోజుకి కరకరలాడుతోందట. ఫోన్లో ఆ ఆకు చప్పుడు కూడా వినిపించింది.

స్పైరులినా, మునగాకు రెండిట్లో ఏది మేలని అడుగుతున్నారు. డబ్బాల మీద లెక్కలన్నీ 100 గ్రాములకి వేస్తారు. 100 గ్రాముల పొడి ఎవరు తింటారండీ? చెంచా అంటే 3 గ్రాములు. స్పైరులినాలో ప్రొటీన్ 57 శాతం దాకా ఉన్నా చెంచాకి వచ్చేది 1.7 గ్రాములు, మునగాకుతో 0.8 లోపే. ఒక గుడ్డులో 6 ఉంటుంది. స్పైరులినా చెంచాలో ఇనుము 0.85 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి రోజుకి 29 కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. కాల్షియంలో మునగాకుదే పైచేయి, చెంచాకి 60 మిల్లీగ్రాములు, కాని అందులో కాల్షియంని పట్టేసుకునే ఆక్సలేట్ల వల్ల అంతా ఒంటికి పట్టదు. స్పైరులినాలో బీ12 ఉందని అమ్మేవాళ్ళ మాట నమ్మి మాత్రలు మానకండి. అందులో ఉన్నది ఎక్కువగా మన ఒంటికి పనికిరాని రకం. ఇంట్లో రోజూ తినేది ఏదంటే నా ఓటు మునగాకుకే, చేపల చెరువు వాసన ఉండదు కాబట్టి. నాన్నగారు రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతున్నారు. మునగాకులో కె విటమిన్ ఎక్కువ, అందుకని డాక్టర్‌ని అడిగేదాకా ఆయనకి పొడి ఆపేశాను.

ఖాకీ పొడిని అమ్మ ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండుతో కారప్పొడిలో కలిపేసింది. "పప్పులో వేస్తే పోయేదానికి ఈ అవస్థేంట్రా" అని రోజూ ఓ చురక.

ఏడో విడతకి అట్టపెట్టె, 60 వాట్ల బల్బు, కంప్యూటర్ ఫ్యాన్, తేమ కొలిచే మీటరు. లోపల 45 డిగ్రీలు దాటకుండా చూడాలి. ఒకే పొర, 12 గంటల్లో 162 గ్రాములకు దించాలి. ఈసారి ఆకు కడిగాక పంచెలో మూటకట్టి గిరగిరా తిప్పి నీళ్ళు వదిలిస్తాను. పెట్టెకి బెజ్జాలు పైన పెట్టాలా, పక్కన పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. ఫ్యాన్ రేపొస్తుంది.