ఫోన్‌లో చెప్పగలిగే కమాండ్లు

చిన్న లినక్స్ పరికరాల్లో వాడే బిజీబాక్స్ అనే కమాండ్ల మూటలో ఏ కమాండ్ ఉంచాలి, ఏది తీసేయాలి అని కూర్చుని ఆలోచించడానికి కూడా జీతం ఇస్తారా అని ఒక స్నేహితుడు అడిగాడు. ఇస్తారు. జర్మనీలో నేను చేసే ఉద్యోగంలో అదొక పెద్ద ముక్క. మా పెట్టెలు ఫ్యాక్టరీల్లో, పంపు హౌసుల్లో, భవనాల నేలమాళిగల్లో గోడకు బిగించి ఉంటాయి. మీటర్ల నుంచి, సెన్సర్ల నుంచి రీడింగులు తీసుకుని సర్వర్‌కు పంపడం వాటి పని. స్క్రీన్ ఉండదు, కీబోర్డు ఉండదు. లోపల ఉన్నది 16 ఎంబీ ఫ్లాష్ మెమరీ. బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టేది), కెర్నెల్ (లినక్స్ గుండెకాయ), మా ప్రోగ్రామ్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఏదైనా తేడా చేస్తే లోపలికి తొంగి చూడటానికి కొన్ని కమాండ్లు కూడా అందులోనే పట్టాలి.

ఆ కమాండ్లన్నీ బిజీబాక్స్ అనే ఒకే ఫైల్లో ఉంటాయి. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్, కాపీ చేసే సీపీ, మాట వెతికే గ్రెప్, నడుస్తున్న ప్రోగ్రాములు చూపే పీఎస్ అన్నీ దానికి పెట్టిన లింకులే. ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. 1995లో బ్రూస్ పెరెన్స్ దీన్ని డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాలర్ కోసం మొదలుపెట్టారు, బూటయ్యే సిస్టమ్ మొత్తం ఒక్క 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టాలని. ఇప్పుడు అందులో 300కు పైగా చిన్న ప్రోగ్రాములున్నాయి. ఏవి ఉంచాలో ఎంచుకోవడానికి 'మేక్ మెనూకాన్ఫిగ్' కొడితే నీలం రంగు మెనూ వస్తుంది. స్పేస్ నొక్కితే కమాండ్ లోపలికి, ఇంకోసారి నొక్కితే బయటికి. కమాండ్ల కింద మళ్లీ వాటి ఫీచర్లు. గ్రెప్ ఉంటుంది గానీ, దొరికిన లైనుకు ముందూ వెనకా లైన్లు చూపించే సౌకర్యం వేరే టిక్కు. వీఐ అనే ఎడిటర్ ఉంటుంది గానీ, అందులో వెతకడం వేరే టిక్కు.

కొత్తగా వచ్చిన ఎవరైనా ఆ మెనూ చూడగానే కత్తెర తీస్తారు. చిన్న సిస్టమ్ కాబట్టి అన్నీ తగ్గించేయాలని ఉబలాటం. నాకది పెద్దగా నచ్చదు. డిఫాల్ట్ సెట్టింగులతో బిల్డ్ చేస్తే బిజీబాక్స్ మొత్తం సుమారు ఒక ఎంబీ. అందులో ఆక్ (టెక్స్ట్ సర్దే కమాండ్), వీఐ లాంటి పెద్దవి ఒక్కొక్కటి 20 కిలోబైట్ల పైమాట. మిగతా టిక్కుల్లో చాలావాటికి కొన్ని వందల బైట్లే. పైగా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో కుదించాక అది ఇంకా తగ్గుతుంది. అనుమానం ఉంటే 'మేక్ బేస్‌లైన్' కొట్టి, మార్పు చేసి, 'మేక్ బ్లోట్‌చెక్' కొడితే ఏ ఫంక్షన్ ఎన్ని బైట్లు పెరిగిందో తేలిపోతుంది. ఆ అంకెలు చూశాక చాలా వాదనలు వాటంతటవే ఆగిపోతాయి.

మరి దేన్నిబట్టి తేల్చుకోవాలి? నా లెక్క ఒకటే: ఆ కమాండ్‌ను ఫోన్‌లో చెప్పగలనా? సొంత భాషవాళ్ల మధ్యే పనిచేసి ఉంటే ఈ ప్రశ్న నాకు తట్టేది కాదేమో.

సర్వీసు టెక్నీషియన్ ఒకాయన ల్యాప్‌టాప్‌ను సీరియల్ కేబుల్‌తో పెట్టెకు తగిలించి ఫోన్ చేస్తాడు. ఆయన మాతృభాష పోలిష్, నాది తెలుగు. ఇద్దరికీ వచ్చింది అరకొర జర్మన్, కాస్త మెరుగైన ఇంగ్లిష్. వెనక పంపుల మోత. నేను కమాండ్ చెప్పాలి, ఆయన కొట్టాలి, తెర మీద వచ్చింది చదివి వినిపించాలి. బి, డి, పి, టి అన్నీ ఆ మోతలో ఒకేలా వినపడతాయి. అందుకని ఒక్కో అక్షరానికీ ఒక ఊరి పేరు చెప్పుకుంటాం. ఇక ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైప్ గుర్తు (|) కొట్టమంటే అసలు కథ మొదలవుతుంది. నేను ఇక్కడికి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో అది ఎంటర్ పైన ఉంటుంది. జర్మన్ కీబోర్డులో ఎడమ షిఫ్ట్ పక్కనున్న కీని, ఆల్ట్‌జీఆర్ పట్టుకుని నొక్కాలి. స్లాష్ కావాలంటే షిఫ్ట్‌తో 7. వై, జెడ్ ఒకదాని చోట ఒకటి. మూడు పైపులున్న కమాండ్ ఒకటి చెప్పి, అది సరిగ్గా పడేసరికి పెట్టె రీబూటై కూర్చుంటే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

అప్పట్నుంచి ట్యాబ్ కంప్లీషన్‌ను, అంటే ట్యాబ్ నొక్కితే మిగతా పేరు తనే పూర్తిచేసే సౌకర్యాన్ని, ఎవరైనా తీసేస్తానంటే నేను ఒప్పుకోను. రెండక్షరాలు చెప్పి "ట్యాబ్" అనగలిగితే సగం తప్పులు పోతాయి. కొట్టిన కమాండ్లను గుర్తుంచుకునే షెల్ హిస్టరీ కూడా అంతే (షెల్ అంటే కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్). "పై బాణం రెండుసార్లు, ఎంటర్" అన్నది ఏ యాసలో చెప్పినా అర్థమవుతుంది. లాగ్‌లను (ఏం జరిగిందో రాసుకునే చిట్టాను) ఫైల్లో రాయకుండా, వాటిని సేకరించే సిస్‌లాగ్‌డీలో ర్యామ్ బఫర్ ఆప్షన్ పెట్టించాను. ఫ్లాష్ అరగదు, అది ఒక లాభం. నాకు ముఖ్యమైంది రెండోది: ఫైల్ పాత్ అంతా చెప్పక్కర్లేదు, 'లాగ్‌రీడ్' అంటే చాలు. గ్రెప్‌కు ముందు వెనక లైన్ల టిక్కు కూడా అందుకే ఉంచాం. ఎర్రర్ లైను ఒక్కటే చదివి వినిపిస్తే ఏం తెలుస్తుంది, దానికి ముందు ఏం జరిగిందన్నది కావాలి. పీఎస్ మాత్రం బక్కదే. పెద్ద సిస్టమ్‌ల అలవాటుతో 'పీఎస్ ఏయూఎక్స్' కొట్టినా సీపీయూ శాతం చూపించదు, అందుకని దాన్ని చూపే టాప్‌ను ఉంచాం.

నెట్‌వర్క్ దగ్గర ఒక సంగతి చెప్పాలి. యూడీహెచ్‌సీపీసీ అనే డీహెచ్‌సీపీ క్లయింట్ నెట్‌వర్క్ నుంచి పెట్టెకు అడ్రస్ సంపాదిస్తుంది గానీ, దాన్ని తనే ఇంటర్‌ఫేస్‌కు (నెట్‌వర్క్ పోర్టుకు) పెట్టదు. ఆ పని ఒక చిన్న స్క్రిప్ట్ చేస్తుంది. ఇమేజ్‌లో (పెట్టెలోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ మూటలో) ఆ స్క్రిప్ట్ లేకపోతే తెర మీద లీజు (అడ్రస్ వాడుకునే అనుమతి) దొరికిందని అడ్రస్‌తో సహా వస్తుంది, ఇంటర్‌ఫేస్ వివరాలు చూపే ఐఎఫ్‌కాన్ఫిగ్ కొడితే అడ్రస్ మాత్రం కనపడదు. ఒక సప్లయర్ ఇచ్చిన ఇమేజ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. "దొరికిందని రాసింది కదా" అని టెక్నీషియన్, "లేదు కదా" అని నేను, మధ్యాహ్నమంతా ఫోన్‌లోనే గడిచింది.

మా టీమ్‌లో ఇంకో తెలుగబ్బాయి చేరాడు. మొదటి వారంలోనే, మెనూలో ఎంచుకున్నవన్నీ ఉండే కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, "అన్నా, హ్యాష్‌తో మొదలయ్యేవన్నీ కామెంట్లే కదా, తీసేసి నీట్‌గా పెట్టనా?" అన్నాడు. "వద్దురా బాబూ" అన్నాను. మామూలు ఫైళ్లలో హ్యాష్ అంటే కామెంటే. ఇక్కడ మాత్రం హ్యాష్ పెట్టి, ఆప్షన్ పేరు రాసి, 'ఈజ్ నాట్ సెట్' అని ఉన్న లైనుకు అర్థముంది: ఇది వద్దని మనం తేల్చేశాం అని. లైనే లేకపోతే డిఫాల్ట్ విలువకు పోతుంది. బిజీబాక్స్‌లో చాలావాటి డిఫాల్ట్ 'అవును'. అంటే నీట్‌గా సర్దిన ఆ ఫైల్‌తో బిల్డ్ చేస్తే, తీసేసినవన్నీ తిరిగొచ్చి కూర్చుంటాయి, దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చే టెల్నెట్‌డీతో సహా.

ఆ ఒక్కదాని మీద మాత్రం నేనే కత్తెర పట్టుకుంటాను. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (దొంగచాటుగా లొంగదీసుకున్న పరికరాల గుంపు) టెల్నెట్ తెరిచి ఉన్న కెమెరాల్లోకి, రౌటర్లలోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే దూరింది. లోపలికి వెళ్లాక అది బిజీబాక్స్‌ను 'మిరాయ్' అనే లేని పేరుతో పిలిచేది. 'ఆప్లెట్ నాట్ ఫౌండ్' (అలాంటి కమాండ్ లేదు) అని జవాబొస్తే షెల్ చేతికి చిక్కినట్టు లెక్క. మేం రోజూ చూసే ఎర్రర్ మెసేజ్ అది! సర్వీసు విభాగం వాళ్లు టెల్నెట్ ఉంటే పని తేలికని రివ్యూలో చాలాసేపు పట్టుబట్టారు. వాళ్ల బాధ నిజమే, కేబుల్ పట్టుకుని నేలమాళిగలోకి దిగేది వాళ్లే. చివరికి డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (సురక్షితంగా లాగిన్ అయ్యే దారి) పెట్టి, పాస్‌వర్డ్ లేకుండా డిజిటల్ కీ ఉంటేనే లాగిన్ అయ్యేలా చేశాక ఒప్పుకున్నారు. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన సైబర్ రెజిలియెన్స్ యాక్ట్ (డిజిటల్ పరికరాల భద్రతా చట్టం) ప్రధాన నిబంధనలు 2027 డిసెంబర్ 11 నుంచి వర్తిస్తాయి కాబట్టి, ఇకమీదట ఈ వాదన నేను ఒంటరిగా చేయాల్సిన అవసరం కూడా లేదు.

బిజీబాక్స్ లైసెన్సు జీపీఎల్ అనే ఓపెన్ సోర్సు లైసెన్సు రెండో వెర్షన్. పెట్టె అమ్మితే సోర్సు కోడ్ అడిగినవాళ్లకు ఇవ్వాలి, దాంతోపాటు మేం వాడిన కాన్ఫిగ్ ఫైల్ కూడా పంపుతాం. ఇవ్వనందుకు 2007లో అమెరికాలో కేసు కూడా పడింది, ఒక కంపెనీ మీద. ఆ ఫైల్ బయటివాళ్లు నిజంగా చదువుతారా అనుకునేవాణ్ణి. ఈమధ్య ఒక కస్టమర్ సోర్సు తెప్పించుకుని, నెట్‌వర్క్‌లో దారి చూపే ట్రేస్‌రూట్ ఎందుకు తీసేశారని మెయిల్ పెట్టాడు. టీమ్‌లో ఎవరి దగ్గరా సరైన కారణం లేదు. తర్వాతి బిల్డ్‌లో పెట్టేశాం.